జప్తు గృహముల పునర్వినియోగము (అమెరికా సంయుక్త రాష్ట్రములు)

తనఖా ఋణము తీరకపోవుటచే ఋణదాత వశమైన ఇండ్లను ప్రభుత్వ ధనముతో కొని, బాగుచేయించియో, కూల్చి ఆ స్థలమున క్రొత్తవి కట్టించియో, పరిమితమైన ఆదాయము గల కుటుంబములకు విక్రయించుట లేక అద్దెకిచ్చుట ఈ వ్యాసమునకు విషయము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇట్టి యత్నములు 1930 దశకమునుండి పలు రూపములలో జరిగినవి. వానిలో మిక్కిలి విస్తృతమైనది, 2008–2010 సంవత్సరముల నడుమ మూడు శాసనముల మూలమున సుమారు 692 కోట్ల డాలర్లు కేటాయింపబడిన ‘నైబర్‌హుడ్ స్టెబిలైజేషన్ ప్రోగ్రాం’. దీనిని తెలుగున పేటల స్థిరీకరణ పథకమనవచ్చును. పేరున ‘ఇల్లు’ అను మాట లేకుండుట గమనింపదగినది. ఇల్లు పోగొట్టుకొన్న కుటుంబమునకు దానిని తిరిగి ఇప్పించుట దీని ఉద్దేశము కాదు; ఆ ఇల్లు పాడుపడి ప్రక్క ఇండ్లను గూడ పాడుచేయకుండ చూచుటయే దీని ఉద్దేశము.

పదవివేచన

‘ఫోర్‌క్లోజర్’ అను మాట తెలుగు పాఠకునికి అపరిచితము కాదు గాని, అర్థము విషయమున మోసగింపగలది. మన బ్యాంకులలో ‘లోను ఫోర్‌క్లోజ్ చేసితిని’ అని చెప్పు ఖాతాదారుడు గడువునకు ముందే బాకీ అంతయు కట్టివేసి ఇంటి కాగితములు విడిపించుకొన్నవాడు. అమెరికాలో అదే మాటను బాకీ కట్టలేక ఇల్లు పోగొట్టుకొన్నవానిని గూర్చి వాడుదురు. ఈ రెండవ అర్థమునకు భారతదేశమున దగ్గఱగా వచ్చునది 2002 నాటి సర్ఫాసీ చట్టము క్రింద బ్యాంకులు జరుపు స్వాధీనము, వేలము. దినపత్రికలలో ‘స్వాధీన ప్రకటన’ అను శీర్షికతో వెలువడు నోటీసులు అట్టివే. ఈ వ్యాసమునందు ‘జప్తు’ అనగా తనఖా జప్తు అనియే గ్రహింపవలెను.

జప్తు జరుగు విధము రాష్ట్రమునుబట్టి మాఱును. ఓహైయో, ఫ్లారిడా, న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రములలో ఋణదాత న్యాయస్థానమున దావా వేసి డిక్రీ పొందవలెను. కాలిఫోర్నియా, అరిజోనా, నెవాడా, టెక్సస్ మున్నగు చోట్ల కోర్టు ప్రమేయము లేకయే నోటీసులిచ్చి వేలము వేయుట సామాన్యము. కనుక ఒకచోట కొలది నెలలలో ముగియు వ్యవహారము మఱియొకచోట సంవత్సరముల తరబడి సాగును. వేలమున తగిన ధరకు పాడువారు లేనిచో ఇల్లు ఋణదాతకే దక్కును. ఇట్లు బ్యాంకు మెడకు చుట్టుకొన్న ఇంటిని ఆ వ్యాపారమున ‘ఆర్.ఇ.ఓ.’ అని పొడి అక్షరములతో వ్యవహరింతురు. ప్రభుత్వ పథకములు కొన్నవి చాలవఱకు ఇట్టి ఇండ్లనే.

‘అందుబాటు గృహము’ అనగా కుటుంబాదాయములో 30 శాతమునకు మించని వ్యయముతో నివసింపగల ఇల్లు. ఇది ఫెడరల్ గృహనిర్మాణ, నగరాభివృద్ధి శాఖ (వ్యవహారమున ‘హడ్’) చిరకాలముగా పాటించుచున్న ప్రమాణము.

పూర్వచరిత్ర

మహామాంద్య కాలమున, 1933లో, రూజ్వెల్ట్ ప్రభుత్వము ‘హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్’ అను సంస్థను స్థాపించి, జప్తునకు సిద్ధమైయున్న సుమారు పది లక్షల తనఖాలను బ్యాంకులనుండి కొని, దీర్ఘకాలపు సులభ వాయిదాలుగ మార్చి, గృహస్థులను ఇండ్లలోనే నిలిపినది. అయినను ఆ ఋణములు తీర్పలేనివారు కలరు; కడకు ఈ సంస్థయే దాదాపు రెండు లక్షల ఇండ్లను జప్తుచేసి, బాగుచేయించి, క్రమక్రమముగ విక్రయింపవలసివచ్చెను. ప్రభుత్వము జప్తు గృహములకు యజమానియై, వానిని అమ్ముటెట్లని యోచించిన తొలి సందర్భములలో ఇది ముఖ్యమైనది.

రెండవ సందర్భము 1970 దశకమునకు చెందినది. 1968 గృహనిర్మాణ శాసనము క్రింద స్వల్పాదాయులకు సబ్సిడీపై ఇండ్లు కొనిపించు పథకము, మదింపుదారుల అవినీతిచేతను నాసి ఇండ్ల విక్రయముచేతను భ్రష్టుపట్టి, ముఖ్యముగ డెట్రాయిట్ నగరమున వేలకొలది ఇండ్లను హడ్ చేతిలో మిగిల్చినది. ఈ కాలముననే, 1973లో, డెలవేర్ రాష్ట్రపు విల్మింగ్టన్ నగరము పాడుపడిన ఇండ్లను నామమాత్రపు వెలకిచ్చి, పుచ్చుకొన్నవారు స్వయముగ బాగుచేసికొని అందు కాపురముండవలెనని షరతు పెట్టినది. బాల్టిమోర్ నగరపు ‘డాలరు ఇండ్లు’ ఈ పద్ధతికే మిక్కిలి ప్రసిద్ధి తెచ్చినవి. పందొమ్మిదవ శతాబ్దమున బంజరు భూములిచ్చి సేద్యము చేయించిన విధానమును స్మరించి దీనికి ‘అర్బన్ హోమ్‌స్టెడింగ్’ అని పేరిడిరి. 1974 గృహనిర్మాణ శాసనమున 810వ సెక్షను చేర్చి, హడ్ వశమందలి ఇండ్లను నగరపాలక సంస్థలకు ఈ ప్రయోజనము కొఱకు బదలాయించు వీలు కల్పింపబడినది. డాలరుకు వచ్చిన ఇల్లు డాలరుతో నిలువదని, మరమ్మతునకు వేలకొలది డాలర్లు కావలెనని, అది సమకూర్చుకొనగలవారు కడు పేదలు కారని అనుభవము తెలిపెను. ఈ చిక్కు తరువాతి పథకములన్నిటిని వెన్నంటినది.

మూడవది, పొదుపు ఋణసంస్థల పతనానంతరము 1989లో ఏర్పడిన ‘రిజల్యూషన్ ట్రస్ట్ కార్పొరేషన్’. దివాలా తీసిన సంస్థల ఆస్తులను అమ్ముట దీని పని. ఐనను అర్హమైన ఇండ్లను తొలుత కొంతకాలము పరిమితాదాయ కుటుంబములకును, లాభాపేక్ష లేని సంస్థలకును మాత్రమే చూపవలెనని శాసనము విధించెను. ‘మొదటి చూపు’ అను భావము, అనగా బజారున పెట్టకమునుపు ప్రజాప్రయోజన సంస్థకు ఒక అవకాశమిచ్చుట, ఇచట అంకురించి 2010లో మరల చిగిర్చినది.

2008 నాటి పరిస్థితి

2006 వఱకు పెరిగిన ఇండ్ల ధరలు అటుపై పడిపోవుటయు, మొదటి రెండు మూడు సంవత్సరములు తక్కువ వడ్డీ చూపి తరువాత హఠాత్తుగ పెరుగు ‘సబ్‌ప్రైమ్’ ఋణములు గడువుకు వచ్చుటయు ఏకకాలమున సంభవించినవి. రియల్టీట్రాక్ అను గణన సంస్థ లెక్కప్రకారము జప్తునకు సంబంధించిన నోటీసు కనీసమొకటి అందిన ఆస్తులు 2008లో 23 లక్షలు, 2009లో 28 లక్షలు, 2010లో 28.7 లక్షలు. నోటీసు అందిన ప్రతి ఇల్లును పోలేదు. కొందఱు బాకీ కట్టుకొనిరి, కొందఱు నష్టమునకు అమ్ముకొనిరి. అయినను ఈ సంఖ్యలు ఉపద్రవ పరిమాణమును సూచింపజాలును.

దేశమంతటను జబ్బు ఒక్కటే యైనను లక్షణములు వేఱు. అరిజోనా, నెవాడా, ఫ్లారిడాలలోను, కాలిఫోర్నియా లోభాగమునను జప్తైనవి అధికముగ క్రొత్త ఇండ్లు: గోడలు గట్టివి, ధర మాత్రము కూలినది. క్లీవ్‌లాండ్, డెట్రాయిట్ వంటి పాత పారిశ్రామిక నగరములలో నూఱేండ్ల నాటి కొయ్య ఇండ్లు. అచట జనసంఖ్య దశాబ్దములుగ తగ్గుచుండుటచే సంక్షోభమునకు ముందే ఇండ్లు మిగులు. క్లీవ్‌లాండ్ ఆగ్నేయ భాగమున చెకు, పోలిషు కార్మికులు ఒకనాడు స్థిరపడిన స్లావిక్ విలేజ్ అను పేట, 2007లో దేశమున జప్తులు అత్యధికముగ నమోదైన తపాలా మండలములలో చేరి పత్రికలకెక్కినది.

కాపురము లేని ఇల్లు చెడు క్రమము ఈ పథకములకు మూలకారణము గనుక దానిని కొంత వివరింపవలెను. ఉత్తర రాష్ట్రములలో, ఇంటిని వెచ్చబఱచు కొలిమి ఆరినచోట, గొట్టములలోని నీటిని ముందుగ వదలివేయనిచో, మొదటి గడ్డు చలికే నీరు గడ్డకట్టి గొట్టము చీలును. మంచు కరగిన దినమున ఆ చీలికనుండి కారిన నీరు మేడగదినుండి దిగి నేలమాళిగ నింపును. రెండు మూడు వారములలో గోడలకు నల్లని బూజు పట్టును. ఈలోపల దొంగలు గోడలు పగులగొట్టి రాగి గొట్టములు, తీగలు లాగికొని పాత సామాను కొట్టున తూకమునకు అమ్ముకొందురు. వారికి దక్కునది కొలది వందల డాలర్లు. ఇంటికి కలుగు నష్టము పదుల వేలు. కిటికీలకు చెక్కలు బిగింపబడును. అటుపై ప్రక్కింటివాడు తన ఇల్లు అమ్మబోయినను ఆ చెక్కలు చూచి బేరము తగ్గును, వీథి మొత్తముపై ఇంటిపన్ను రాబడి క్షీణించును. బ్యాంకునకు ఇంటిపై హక్కు కలదు, కాని గడ్డి కోయువాడు లేడు. కొన్నిచోట్ల ఋణదాత దావా వేసియు, ఇల్లు గిట్టుబాటు కాదని గ్రహించి, హక్కు పుచ్చుకొనకయే వదలివేయుటచే, ఇల్లు విడిచి వెళ్లిన మనుజుడే కాగితముపై యజమానిగ మిగిలి పన్ను నోటీసులందుకొనిన ఉదంతములును కలవు.

స్థిరీకరణ పథకము: మూడు విడతలు

మొదటి విడత అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యు. బుష్ 2008 జులై 30న సంతకముచేసిన ‘హౌసింగ్ అండ్ ఎకనామిక్ రికవరీ యాక్ట్’ ద్వారా వచ్చినది. ఇందు 392 కోట్ల డాలర్లు కేటాయింపబడినవి. జప్తుల సంఖ్య, సబ్‌ప్రైమ్ ఋణముల సంఖ్య, వాయిదాలు తప్పిన ఋణముల సంఖ్య అను ప్రమాణములనుబట్టి సూత్రప్రకారము రాష్ట్రములకును, పెద్ద నగరములకును, కౌంటీలకును పంచి, ఏ రాష్ట్రమునకును 1 కోటి 96 లక్షల డాలర్లకు తక్కువ కాకుండునట్లు చూచిరి. జప్తులు అరుదైన చిన్న రాష్ట్రములకును ఈ కనీస భాగము దక్కుట అప్పుడే ఆక్షేపణకు గుఱియైనది.

రెండవ విడత, అధ్యక్షుడు ఒబామా 2009 ఫిబ్రవరి 17న సంతకముచేసిన ఆర్థిక పునరుద్ధరణ శాసనమునందలి 200 కోట్ల డాలర్లు. ఇది సూత్రముపై గాక పోటీపై పంచబడినది. లాభాపేక్ష లేని సంస్థలును నేరుగ దరఖాస్తు చేయవచ్చును. 2010 జనవరిలో 56 దరఖాస్తుదారులకు 193 కోట్ల డాలర్లు మంజూరయ్యెను. మిచిగన్ రాష్ట్ర గృహాభివృద్ధి సంస్థ నాయకత్వమున నగరములు, వదలివేయబడిన ఆస్తులను సేకరించు ‘ల్యాండ్ బ్యాంకులు’ కలిసి పొందిన 22.4 కోట్లు వానిలో పెద్దది. ‘హబిటాట్ ఫర్ హ్యుమానిటీ’ సంస్థకు 13.7 కోట్లకు పైగా లభించినది.

మూడవ విడత 2010 జులై 21 నాటి డాడ్–ఫ్రాంక్ ఆర్థిక సంస్కరణ శాసనమునందు చేర్చిన 100 కోట్లు. ఇది మరల సూత్రప్రకారమే 270 సంస్థలకు పంచబడినది.

పరిపాలనకు క్రొత్త యంత్రాంగము నిర్మింపలేదు. 1974 నుండి నడచుచున్న ‘కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంటు’ నియమావళికే సవరణలు చేసి ఈ ధనమును అందుండి ప్రవహింపజేసిరి. దీనివలన ఆరంభము త్వరితమైనది. కాని రోడ్లు, కాలువలు, సంఘభవనముల గ్రాంట్లకు అలవాటుపడిన పురపాలక ఉద్యోగులు ఒక్కుమ్మడిగ ఇండ్ల క్రయవిక్రయములలో దిగవలసివచ్చినది. బ్యాంకు ఆస్తుల గుమస్తాతో బేరమాడుట వారెఱుగరు.

అనుమతింపబడిన వినియోగములు

శాసనము ఐదు విధముల వ్యయమును అనుమతించెను: జప్తు గృహములు కొనువారికి ఋణసహాయము లేక వడ్డీ రాయితీ, ఇండ్లను కొని, మరమ్మతుచేసి, అమ్ముట లేక అద్దెకిచ్చుట, ల్యాండ్ బ్యాంకుల స్థాపన, శిథిల కట్టడముల కూల్చివేత, కూల్చిన లేక ఖాళీయైన స్థలముల పునర్నిర్మాణము. ఈ ఐదింటిలో కొని బాగుచేయుట ప్రధానమైనది. ఓహైయో, మిచిగన్ నగరములు మాత్రము కూల్చివేతకు అధిక భాగము వెచ్చింపగోరినవి. రెండవ విడతయందు కూల్చివేత వ్యయమునకు 10 శాతము హద్దు విధింపబడినది.

‘జప్తు గృహము’ అనగా హక్కు పూర్తిగ చేతులు మాఱినదే యనెడి తొలి నిర్వచనము ఆచరణలో ఇఱుకైనది. వాయిదాలు నిలిచి, కాపురము లేక, ఎవరికిని చెందనట్లున్న ఇండ్లు ఆ నిర్వచనములోనికి రావు. అవియే పేటను ముందుగ చెఱచును. 2010లో హడ్ నిర్వచనమును విస్తరించి, ఋణము నిర్ణీత దినములు బాకీపడినను, పన్నులు చెల్లింపబడకున్నను అర్హమనెను.

ఒక ఇల్లు చేతులు మాఱు క్రమము

నగరపాలక సంస్థ, లేక దాని తరఫున పనిచేయు లాభాపేక్ష లేని సంస్థ, బ్యాంకు జాబితానుండి ఒక ఇంటిని ఎంచుకొనును. మదింపుదారు విలువ కట్టవలెను. ఆ మదింపు అరువది దినములకంటె పాతది కారాదు. మదింపు విలువపై రాయితీతోనే కొనవలెనని శాసనము. తొలుత హడ్ ఆ రాయితీని ఒక్కొక్క ఇంటికి కనీసము 5 శాతముగను, మొత్తము కొనుగోళ్లపై సరాసరి 15 శాతముగను నిర్ణయించినది. బ్యాంకులు అంగీకరింపక బేరములు స్తంభించగా, 2009లో దానిని ఒక శాతమునకు తగ్గించిరి. కొనుగోలునకు ముందు పర్యావరణ పరిశీలన జరుగవలెను. 1978కి పూర్వపు ఇల్లైనచో సీసపు రంగు పరీక్ష. ఆ యేట గృహోపయోగమున అట్టి రంగు నిషేధింపబడినది. పాత కట్టడమైనచో చారిత్రక పరిరక్షణాధికారి అభిప్రాయము. అద్దెకున్నవారెవరైన ఉన్నారా యనునది వేఱొక విచారణ. 2009 మే నెల శాసనము ప్రకారము, జప్తైన ఇంట అద్దెకుండువారికి కనీసము 90 దినముల నోటీసీయవలెను.

ఈ కాగితములు ఒక్కొక్క బల్ల దాటుచుండగా, నగదు సంచితో వచ్చిన మదుపరి వారములోపల ఇల్లు కొనిపోవుట మామూలయ్యెను. దీనికి విరుగుడుగ, లిస్క్, ఎంటర్‌ప్రైజ్, నైబర్‌వర్క్స్ వంటి జాతీయ సంస్థలు కలిసి 2008లో ఏర్పఱచిన ‘నేషనల్ కమ్యూనిటీ స్టెబిలైజేషన్ ట్రస్ట్’ పెద్ద బ్యాంకులతో ఒప్పందములు కుదిర్చి, పథకపు పేటలలోని ఇండ్లను బజారున పెట్టుటకుముందు కొద్ది దినములు పురపాలక సంస్థలకే చూపునట్లు చేసినది. 2010 సెప్టెంబరున హడ్ దీనినే ‘నేషనల్ ఫస్ట్ లుక్’ అని దేశవ్యాప్తము గావించెను.

కొన్న పిమ్మట కాంట్రాక్టరు చేతికి ఇల్లు వచ్చును: పైకప్పు, కొలిమి, తీగలు, గొట్టములు, కిటికీలు. తుదకు కొనువాడు ఆమోదిత సంస్థయందు కనీసము ఎనిమిది గంటల గృహయాజమాన్య శిక్షణ పొందినగాని తాళములీయరాదు. సంక్షోభమును తెచ్చిన ఋణపత్రములు చదువకయే సంతకములు చేయించిన రకమువి గనుక, ఈ నియమము అసందర్భము కాదు.

లోటు పూరణము

ఈ పథకముల ఆర్థిక సారమంతయు ఒక తీసివేతలో నున్నది. నిదర్శనమునకై అంకెలు ఊహించిచూతము. ఇల్లు 30,000 డాలర్లకు దొరకినది, మరమ్మతు 90,000, మదింపు, బీమా, వడ్డీ, కాంట్రాక్టరు రుసుములు 15,000. పెట్టుబడి 1,35,000. ఆ వీథిలో బాగున్న ఇంటికి సైతము పలుకు ధర 85,000. మిగిలిన 50,000 లోటును ఏ ప్రైవేటు మేస్త్రీయు భరింపడు. కనుకనే ఇల్లు అట్లే పడియుండును. ప్రభుత్వ గ్రాంటు పూరించునది ఈ గుంటనే. ఆపై, కొనగోరు కుటుంబమునకు తన ఆదాయముపై 70,000 వఱకే బ్యాంకు ఋణము పుట్టునన్నచో, తక్కిన 15,000 ‘మౌన తనఖా’గ నిలుపుదురు: వాయిదా లేదు, వడ్డీ లేదు, నిర్ణీత కాలము కాపురమున్నచో క్రమముగ మాఫీ యగును, ముందే అమ్ముకొన్నచో తిరిగి చెల్లింపవలెను.

అమ్మకపు ధర ఎన్నడును కొనుగోలు, మరమ్మతుల మొత్తమునకు మించరాదని శాసనము కట్టడి చేసినది. బలహీనమైన విపణి గల నగరములలో ఈ నిషేధము నిరర్థకము, అచట ధర ఆ మొత్తమును ఎటులను చేరదు. ధరలు కోలుకొన్న నగరములలోనే దీనికి పని పడినది.

ఆదాయ పరిమితులు, కాలబంధములు

ఆ ప్రాంతపు మధ్యస్థ కుటుంబాదాయములో 120 శాతము వఱకు గలవారు ఈ ఇండ్లకు అర్హులు. సాధారణ బ్లాక్ గ్రాంటులో హద్దు 80 శాతమే. మధ్యతరగతివారు కొనినగాని పేట నిలువదను తలంపుతో ఇట్లు సడలించిరి. అందుకు ప్రతిగా, ధనములో 25 శాతము మధ్యస్థాదాయమున సగమునకు మించని కుటుంబములకే వెచ్చింపవలెనని విధించిరి. ఈ కుటుంబములకు తనఖా ఋణము పుట్టుట కష్టము గనుక, ఈ పాలు అధికముగ అద్దె ఇండ్లకు, ముఖ్యముగ జప్తైన బహుకుటుంబ భవనములకు వెళ్లెను. ఒక్క భవనము కొన్నచో ఇరువది ముప్పది వాటాలు ఒకేసారి లెక్కకు వచ్చుటయు దీనికి కారణము.

ఇల్లు అందుబాటున ఉండవలసిన కనీస కాలము పెట్టుబడినిబట్టి మాఱును: ఒక్కొక్క వాటాకు 15,000 డాలర్ల లోపు వ్యయమునకు 5 ఏండ్లు, 40,000 వఱకు 10, ఆపై 15, క్రొత్తగ కట్టిన అద్దె ఇండ్లకు 20. కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టులు మాత్రము భూమిని తమ యొద్దనే ఉంచుకొని ఇంటిని మాత్రమే అమ్ముటచే, ఈ గడువులతో నిమిత్తము లేక తరతరములకు ధరను అదుపున ఉంచగలవు.

కూల్చివేత, ల్యాండ్ బ్యాంకులు

ల్యాండ్ బ్యాంకు అనగా ఋణమిచ్చు బ్యాంకు కాదు. యజమానులు వదలిన ఆస్తులను సేకరించి, పన్ను బకాయిలు, తగాదాలు తొలగించి, నిష్కళంకమైన హక్కుతో పునర్వినియోగమునకు అందించు ప్రభుత్వ సంస్థ. సెయింట్ లూయిస్ నగరమున 1971లో ఏర్పడినది వీనిలో మొదటిది. నూతన శకము మిచిగన్‌లోని ఫ్లింట్ నగరము గల జెనెసీ కౌంటీలో 2000 దశకారంభమున మొదలైనది. అచటి కోశాధికారి డాన్ కిల్డీ, పన్నుబకాయి ఆస్తులను గంపగుత్తగ వేలమువేసి దళారుల పాలుచేయుటకు బదులు కౌంటీయే ఉంచుకొని తీర్చిదిద్దు పద్ధతిని నెలకొల్పెను. ఓహైయో శాసనసభ ఈ నమూనాననుసరించి 2008 డిసెంబరున చట్టముచేయగా, క్లీవ్‌లాండ్ నగరము గల కయహోగా కౌంటీ ల్యాండ్ బ్యాంకు 2009లో ఏర్పడెను. ఫ్యానీ మే అను తనఖా సంస్థ తన చేతిలోని అతిస్వల్ప విలువ గల ఇండ్లను ఈ ల్యాండ్ బ్యాంకునకు ఒక్క డాలరు వెలకిచ్చి, కూల్చివేత వ్యయములోను కొంత భరించుటకు ఒప్పుకొనెను. ఇల్లు ఉచితముగ ఇచ్చి ఎదురు సొమ్ము కూడ ఇచ్చు స్థితిలో దాని నిజమైన విలువ సున్నకు దిగువ నున్నదని వేఱుగ చెప్పనక్కఱ లేదు.

గృహవసతి పెంపునకు ఉద్దేశించిన ధనముతో ఇండ్లు కూల్చుట విడ్డూరముగ తోచవచ్చును. జనము తగ్గిన నగరమున పది ఇండ్లు గల వీథిలో నాలుగు శిథిలమైనప్పుడు, ఆ నాలుగింటిని నేలమట్టము చేయుట తక్కిన ఆఱింటిని నిలుపు ఉపాయమని అచటివారి వాదము. మొండి స్థలమును ప్రక్కింటివారికే స్వల్ప వెలకు అమ్మి పెరటిలో కలుపుకొననిచ్చుట ఫ్లింట్, క్లీవ్‌లాండ్‌లలో రూఢియైనది. కూల్చివేత గృహవసతి కాదు, పేదలకు అద్దె ఇండ్లు మఱింత తగ్గునని వాదించువారును కలరు. న్యూయార్క్ వంటి నగరమునకు ఈ వాదము సత్యము, డెట్రాయిట్‌కు అంతగా వర్తింపదు.

ఫలితములు, విమర్శలు

గడువులు ఈ పథకపు స్వభావమును నిర్ణయించినవి. మొదటి విడత సొమ్మును పదునెనిమిది నెలలలో ఒప్పందములకు బద్ధముచేయవలెను, నాలుగేండ్లలో వెచ్చింపవలెను, తప్పినచో వాపసు. ఆర్థికవ్యవస్థకు తక్షణ చికిత్సగ ఇది సమంజసమే. కాని గడువు సమీపించినకొలది, పేటకు మేలైన ఇల్లు విడిచి త్వరగ చేతికి వచ్చు ఇంటిని కొను ధోరణి ప్రబలినది; ప్రక్కప్రక్కన నాలుగిండ్లు కొనవలెనన్న యోచన, నగరమున నలుగడల నాలుగిండ్లు కొనుటగ పరిణమించెను. షికాగో నగరము మూడు విడతలలో పొందిన దాదాపు 16.9 కోట్ల డాలర్లు సైతము, ఆ నగరపు జప్తుల సంఖ్య ముందు స్వల్పమైనవే.

హడ్ చేయించిన మూల్యాంకనమును, విద్వాంసుల అధ్యయనములును, బాగుచేసిన ఇంటి స్థితి నిస్సంశయముగ మెఱుగైనదని, చుట్టుపట్ల ఇండ్ల ధరలపై ప్రభావము మాత్రము స్వల్పముగనో చోటునుబట్టి మాఱునదిగనో కనబడినదని తెల్పినవి. ఒక్కొక్క పేటలో పథకము తాకిన ఇండ్లు కొన్నియే యగుట దీనికి ప్రధాన హేతువు. క్లీవ్‌లాండ్‌లో కూల్చివేతలు జరిగిన చోట్ల దొంగతనములు తగ్గినట్లు ఒక అధ్యయనము చూపగా, షికాగో, డెన్వర్‌లలో బాగుచేసిన ఇండ్ల చుట్టును అట్టి మార్పు కనబడలేదు.

2012 నాటికి బ్లాక్‌స్టోన్ వంటి పెట్టుబడి సంస్థలు ‘ఇన్విటేషన్ హోమ్స్’ వంటి పేర్లతో ఫీనిక్స్, అట్లాంటా, టాంపా ప్రాంతములలో వేలకొలది జప్తు గృహములు నగదునకు కొని అద్దెలకిచ్చుట ఆరంభించినవి. ఖాళీ ఇండ్లు నిండవలెనను లక్ష్యము ఆ నగరములలో ఇట్లు ప్రభుత్వ ప్రమేయము లేకయే చాలవఱకు నెఱవేఱినది. అందుబాటున ఉండవలెనను లక్ష్యము నెఱవేఱలేదు. మొదట ఈ రెండింటిని ఒక్కటిగనే ఎంచియుండిరి.

అనంతర యత్నములు

2010లో ఖజానా శాఖ నెలకొల్పిన ‘హార్డెస్ట్ హిట్ ఫండ్’ పదునెనిమిది రాష్ట్రములకును రాజధానీ మండలమునకును 760 కోట్ల డాలర్లు కేటాయించినది. ఇది మొదట వాయిదాలు కట్టలేనివారికి సహాయమునకు ఉద్దేశింపబడినను, 2013 నుండి మిచిగన్, ఓహైయో మున్నగు రాష్ట్రములలో శిథిల గృహముల కూల్చివేతకును వినియోగమైనది. 2012లో ఐదు పెద్ద బ్యాంకులు తమ జప్తు అక్రమముల విషయమున 49 రాష్ట్రములతో చేసికొన్న 2,500 కోట్ల డాలర్ల రాజీనుండి ఓహైయో తన వాటాలో 7.5 కోట్లను కూల్చివేతకే కేటాయించెను.

కాలిఫోర్నియా వేఱొక దారి త్రొక్కినది. 2021 జనవరి 1న అమలునకు వచ్చిన చట్టము, జప్తు వేలమున మదుపరి పాట గెలిచినను, అందు అద్దెకున్నవారికిని, అర్హతగల లాభాపేక్ష లేని సంస్థలకును 45 దినముల వఱకు గడువిచ్చి, అద్దెకున్నవారు ఆ పాటకు సమానముగనో, తక్కినవారు అంతకు మించియో సొమ్ము చెల్లించి ఇల్లు దక్కించుకొను హక్కు కల్పించెను. హక్కున్నను సొమ్ము లేనిచో ఉపయోగము లేదు గనుక, అదే యేట బడ్జెట్‌లో ఇందుకై 50 కోట్ల డాలర్ల నిధి ఏర్పఱచిరి. నియమావళి రచనయందే కాలము గడచుచుండగా, 2024 నాటి లోటు బడ్జెట్‌లో ఆ నిధిలో అధికభాగము ఉపసంహరింపబడినది. నలుబదియైదు దినముల హక్కు మాత్రము శాసనమున నిలిచియున్నది.